రైన్‌బర్గ్ బిళ్ల పెడితే నేరేడు నీళ్లలా వచ్చింది – టిష్యూ స్లైడ్లకి రంగు లైటు ఎలా కొట్టాలి?

షట్టర్_సీను · గాజువాక · శనివారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్‌ని. ఆషాఢం కాబట్టి ముహూర్తాల్లేవు, చేతిలో పని లేదు. ఊరికే కూర్చోలేక ఆరువేలు పెట్టి ఒక పాత స్టూడెంట్ మైక్రోస్కోప్ కొన్నాను. 20 వాట్ల హాలోజెన్ బల్బు, 1.25 ఆబే కండెన్సర్ (స్లైడ్ కింద లైటుని పోగేసే లెన్సు), ఆబ్జెక్టివ్‌లు (స్లైడ్ పైనుండే లెన్సులు) 4, 10, 40, 100. ఐపీస్ మీద నా మిర్రర్‌లెస్ కెమెరా కూర్చోబెట్టాను.

రైన్‌బర్గ్ పద్ధతి గురించి చదివాక ఇక నిద్ర పట్టలేదు. కండెన్సర్ కింద రెండు రంగుల బిళ్ల పెడితే మధ్యలో రంగు బ్యాక్‌గ్రౌండ్‌కి, చుట్టూ ఉన్న రింగు రంగు సబ్జెక్ట్‌కి వస్తుందట. మండపంలో వెనక తెరకి బ్లూ జెల్ (లైటు ముందు పెట్టే రంగు ప్లాస్టిక్ షీటు) కొట్టి, పెళ్లికూతురి జడ అంచుకి వెనక నుంచి ఎల్లో కొడతాం చూడండి, అచ్చం అదే అనిపించింది. జెల్ షీట్లు నా దగ్గర కట్టలు కట్టలు ఉన్నాయి. 5 మిల్లీమీటర్ల బ్లూ చుక్క, చుట్టూ ఎల్లో రింగు, పల్చటి గాజుపలక మీద అతికించి కింద ఫిల్టర్ ట్రేలో పెట్టాను.

స్లైడ్ మా అన్నయ్య కూతురిది. ఎంబీబీఎస్ ఫస్టియర్ చదువుతోంది. నాలుక సెక్షన్ (పల్చగా కోసిన టిష్యూ ముక్క), హెచ్ అండ్ ఈ స్టెయిన్ (హెమటాక్సిలిన్, ఇయోసిన్ అనే రెండు రంగులు). ఫొటో 1 చూడండి, నేరేడుపళ్లు పిసికిన నీళ్లలా ఉంది. ల్యాబ్‌లో పనిచేసే ఫ్రెండ్ ఇంకో స్లైడ్ ఇచ్చాడు (ఫొటో 2, 3). అదీ అంతే. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

నిర్వాహకుడు · 11:05

ఫొటో 3లో స్లైడ్ లేబుల్ మీద నంబరు చదవడానికి వీలుగా ఉంది. ఆ ఒక్క ఫొటో తీసేశాం. మిగతా చర్చ కొనసాగించండి.

కండెన్సర్_కింద · ఎంవీపీ కాలనీ · 11:20

సీనూ, నాలుగు ప్రశ్నలు. ఐరిస్ (కండెన్సర్‌లో లైటు దారిని తెరిచి మూసే రంధ్రం) ఎంత తెరిచావు? కండెన్సర్ పైకంటా ఎత్తావా? ఏ ఆబ్జెక్టివ్? కెమెరాలో వైట్ బ్యాలెన్స్ (తెలుపు ఏదో కెమెరాకి చెప్పే సెట్టింగ్) ఆటోలో ఉందా?

షట్టర్_సీను · 11:26

10ఎక్స్. కండెన్సర్ పైనే ఉంది. ఐరిస్ సగం మూశాను, కాంట్రాస్ట్ వస్తుందని మా పాప (అన్నయ్య కూతురు) చెప్పింది. వైట్ బ్యాలెన్స్ ఆటో. (సిగ్గుగా ఉంది. ఇదే పని మా అసిస్టెంట్ చేస్తే తిట్టేవాణ్ని.)

కండెన్సర్_కింద · 11:58

దొంగ దొరికాడు, ఒకడు కాదు ముగ్గురు.

ఒకటి, ఐరిస్. మీ పాప చెప్పింది మామూలుగా స్లైడ్ చూడటానికి. ఇక్కడ ఐరిస్ మూస్తే ఎల్లో రింగులో పనికొచ్చే బయటి భాగం ఐరిస్ వెనకే ఉండిపోతుంది. బ్లూ చుక్కకి, దాని పక్కనున్న కాస్త ఎల్లోకి మాత్రమే దారి ఉంటుంది. పూర్తిగా తెరువు.

రెండు, చుక్క సైజు. ఇదే అసలు సంగతి. మధ్య చుక్క గుండా వచ్చే లైటు నేరుగా ఆబ్జెక్టివ్‌లోకి వెళ్తుంది, అదే బ్యాక్‌గ్రౌండ్. రింగు గుండా వచ్చేది బాగా ఏటవాలుగా వచ్చి ఆబ్జెక్టివ్‌కి అందకుండా పక్కనుంచి పోవాలి. దారిలో టిష్యూ తగిలి చెదిరిన లైటు మాత్రమే లోపలికి రావాలి. అప్పుడే సబ్జెక్ట్ పసుప్పచ్చగా వెలుగుతుంది. చుక్క చిన్నదైతే ఎల్లో కూడా నేరుగా లోపలికి దూరుతుంది, బ్లూలో కలుస్తుంది, నీ నేరేడు నీళ్లు తయారు.

కొలత ఇలా తీసుకో. బిళ్ల తీసెయ్. 10ఎక్స్‌లో స్లైడ్ ఫోకస్ చెయ్. ఐపీస్ ఊడదీసి గొట్టంలోకి చూడు, అడుగున వెలుగు బిళ్ల కనిపిస్తుంది. ఐరిస్ మెల్లగా మూస్తూ రా. ఐరిస్ అంచు ఆ వెలుగు అంచుని సరిగ్గా తాకిన చోట ఆపు. కింద నుంచి ఐరిస్ రంధ్రం ఎంతుందో స్కేలుతో కొలువు. దానికంటే ఒక మిల్లీమీటరు ఎక్కువ కోసుకో. నా మైక్రోస్కోప్ కొలత నీకు పనికిరాదు, కండెన్సర్ని బట్టి మారుతుంది. 40ఎక్స్ జోలికి ఇప్పుడే పోకు. దాని ఎన్‌ఏ (ఎంత ఏటవాలు లైటుని పట్టుకోగలదో చెప్పే అంకె) 0.65, 10ఎక్స్‌ది 0.25. 40కి చుక్క అంత పెద్దది పెడితే రింగుకి మిగిలేది సన్నటి గీత.

మూడు, చుక్క రంగు చిక్కగా ఉండాలి. నేరుగా వచ్చే లైటు ముందు చెదిరిన లైటు ఎంత? ఆర్కే బీచ్ హైమాస్ట్ కింద అగరొత్తి. అందుకే బ్లూ రెండు మూడు పొరలు వెయ్యి, ఎల్లో ఒక్క పొర చాలు.

వైట్ బ్యాలెన్స్ సంగతి నీకు నేను చెప్పేదేముంది. బిళ్ల పెట్టకముందు, టిష్యూ లేని ఖాళీ గాజు మీద సెట్ చేసి లాక్ చెయ్. ఆటోలో ఉంటే కెమెరా నీ బ్లూని రోగం అనుకుని వైద్యం చేస్తుంది.

1896లో జూలియస్ రైన్‌బర్గ్ రాయల్ మైక్రోస్కోపికల్ సొసైటీ వాళ్లకి చెప్పిన పద్ధతి ఇది. నూట ముప్పై ఏళ్ల కిందటి వాడికి నీ జెల్ షీట్లు దొరికితే ఎగిరి గంతేసేవాడు.

కొత్తబాబు_77 · 12:10

ఇంత కష్టం ఎందుకండీ, ఫొటోషాప్‌లో బ్యాక్‌గ్రౌండ్ సెలెక్ట్ చేసి బ్లూ పోస్తే అయిపోదా?

షట్టర్_సీను · 12:14

తమ్ముడూ, పెళ్లికొడుకు తల కూడా ఫొటోషాప్‌లో పెట్టొచ్చు. పెడతామా?

షట్టర్_సీను · ఆదివారం, మధ్యాహ్నం 2:30

కొలిచాను. నాకు 7 మి.మీ. వచ్చింది, 8 కోశాను. బ్లూ మూడు పొరలు. ఐరిస్ బార్లా తెరిచాను. బ్యాక్‌గ్రౌండ్ ఇప్పుడు అర్ధరాత్రి సముద్రంలా చిక్కటి నీలం, అందులో అనుమానం లేదు. కానీ నాలుక మాత్రం పసుప్పచ్చగా వెలగలేదు. నల్లటి ఊదా మచ్చలా ఉంది (ఫొటో 4). అంచుల్లో అక్కడక్కడా ఎల్లో గీతలు. పైగా దుమ్ము! నక్షత్రాల్లా మెరుస్తోంది. సబ్జెక్ట్ కంటే దుమ్మే బాగుంది.

పారఫిన్_మాస్టారు · మహారాణిపేట · ఆదివారం, సాయంత్రం 5:15

బాబూ, మీ బిళ్ల ఇప్పుడు బాగానే ఉంది. తప్పు స్లైడ్‌ది. ముప్పై నాలుగేళ్లు మైక్రోటోమ్ (టిష్యూని పల్చగా కోసే యంత్రం) తిప్పినవాణ్ని, ఒక మాట చెప్తాను.

హెచ్ అండ్ ఈ స్లైడ్‌లో మనకి కనిపించేదంతా రంగు పీల్చుకోవడం వల్ల కనిపిస్తుంది. ఇయోసిన్ ఆకుపచ్చ లైటుని మింగుతుంది కాబట్టి మనకి గులాబీ. హెమటాక్సిలిన్ నారింజ వైపు మింగుతుంది కాబట్టి నీలం. మీరు వెనక నుంచి నీలం మాత్రమే పంపిస్తే ఆ రెండిటికీ గొంతు నొక్కినట్టే. మిగిలేది మురికి.

రెండోది ఎవరూ చెప్పరు. స్లైడ్ మీద కవర్‌స్లిప్ అతికించడానికి డీపీఎక్స్ అనే జిగురు వేస్తాం కదా, అది ఎందుకు వేస్తామో తెలుసా? టిష్యూని పారదర్శకం చెయ్యడానికి. బీచ్‌లో బజ్జీలు పొట్లం కట్టిస్తాడు. నూనె పీల్చిన చోట పేపరు అవతలి అక్షరాలు కనిపిస్తాయి. కాగితం పీచుల మధ్య గాలి పోయి నూనె చేరింది, లైటు చెదరడం మానేసింది. డీపీఎక్స్ చేసేదీ అదే. దాని వక్రీభవన గుణకం (లైటుని ఎంత వంచుతుందో చెప్పే అంకె) 1.52 దగ్గర, ఫిక్స్ చేసిన టిష్యూది ఇంచుమించు అంతే. లైటు చెదరదు. చెదరకపోతే మీ ఎల్లో రింగు లైటు లోపలికి ఎలా వస్తుంది? స్టెయిన్ స్లైడ్‌కి డీపీఎక్స్ వరం, మీ రైన్‌బర్గ్‌కి అదే శాపం.

కాబట్టి స్టెయిన్ చెయ్యని టిష్యూ తీసుకోండి. నీళ్లలోనో, సగం గ్లిజరిన్ సగం నీళ్లలోనో పెట్టండి. నీళ్లు 1.33, గ్లిజరిన్ 1.47. ఒట్టి నీళ్లలో మరీ మెరిసిపోయి వివరం పోతే గ్లిజరిన్ పెంచుకుంటూ వెళ్లండి. వెలుగు మెల్లగా దిగుతుంది, అచ్చం రెగ్యులేటర్ తిప్పినట్టు. ఫిల్టర్ మార్చేముందు మౌంటింగ్ మార్చి చూడమని నా దగ్గర నేర్చుకున్న పిల్లలకి కూడా చెప్పేవాణ్ని. సగం మంది వినేవారు కాదు.

మన ఊళ్లో మెడికల్ కాలేజీ 1923 నుంచి ఉంది, పారఫిన్ బ్లాకులకి (మైనంలో బిగించిన టిష్యూ ముక్కలకి) కొదవ లేదు. కానీ ఆ బ్లాకుల జోలికి వెళ్లకండి. మీకు బ్లాకు అక్కర్లేదు కూడా.

డా_సూక్ష్మ · 6:02

మాస్టారు చివర చెప్పిన మాట దగ్గర కాస్త ఆగుతాను. సీనుగారూ, కోపం తెచ్చుకోకండి. మీ ఫ్రెండ్ ఇచ్చిన స్లైడ్ ఎవరో ఒకరి బయాప్సీ. లేబుల్ మీద నంబరు ఉందంటే దాని వెనక ఒక పేరు, ఒక రిపోర్టు ఉంటాయి. వాళ్లని అడగకుండా దాన్ని బయటికి ఇవ్వడమే తప్పు, ఫొటో పెట్టడం రెండో తప్పు. 2023లో డిజిటల్ పర్సనల్ డేటా చట్టం కూడా వచ్చింది. చట్టం సంగతి అటుంచండి, అది మా అమ్మ స్లైడ్ అయితే నేను ఒప్పుకోను. దయచేసి వెనక్కి ఇచ్చెయ్యండి.

ఇంకోటి. రంగు లైటు ఫొటోలంటే నాకూ ఇష్టమే. నైకాన్ వాళ్ల స్మాల్ వరల్డ్ పోటీ 1975 నుంచి జరుగుతోంది, ప్రతి ఏడూ చూస్తాను. కానీ కింద 'రైన్‌బర్గ్ వెలుగు, రంగులు ఫిల్టర్‌వి' అని ఒక లైన్ రాయండి. మా విద్యార్థి ఒకడు ఇలాంటి ఫొటో చూసి 'మేడమ్, ఇది ఏ స్టెయిన్?' అని అడిగాడు. పసుపు రంగు ఏదో రోగం అనుకున్నాడు పాపం.

షట్టర్_సీను · 6:20

మేడమ్, తప్పయింది. ఫొటో 2 కూడా తీసేస్తున్నాను. స్లైడ్ రేపు పొద్దున్నే ఇచ్చేస్తాను. నాకు గాజుముక్కలానే కనిపించింది, అటువైపు మనిషి ఉన్నాడని తట్టలేదు.

మరి టిష్యూ ఎక్కడ తెచ్చుకోవాలి?

మొప్పల_మంగ · ఫిషింగ్ హార్బర్ దగ్గర · ఆదివారం, రాత్రి 8:45

ఏటి సీనూ, వైజాగ్‌లో ఉండి టిష్యూ ఎక్కడ అంటావు! జువాలజీ చదివినదాన్ని, చేపల మీదే నా పని. చందువ మొప్ప తీసుకో. పూర్ణా మార్కెట్లో చేప కోసే ఆవిడని అడిగితే ఊరికే ఇస్తుంది, పారేసేదే కదా. మొప్ప ఎర్రగా ఉండాలి, గోధుమరంగుకి తిరిగితే వద్దు.

మొప్ప గొప్పతనం ఏంటంటే దాన్ని కొయ్యక్కర్లేదు, దేవుడే సెక్షన్ కోసి పెట్టాడు. సన్నటి పోచలుంటాయి, ఒక్కో పోచకి రెండు వైపులా పుస్తకం పేజీల్లా రేకులు. నీళ్లలో ఆక్సిజన్ పట్టుకోవాలి కాబట్టి ఆ రేకులు అంత పల్చన. చిన్న కత్తెరతో పోచ కొస మాత్రం కత్తిరించు, రెండు మూడు మి.మీ. చాలు. జిగురు ఎక్కువుంటుంది. ఉప్పునీళ్లలో, అంటే లీటరుకి 9 గ్రాముల ఉప్పు, నాలుగుసార్లు మెల్లగా ఊపి కడుగు. పంపు నీళ్లలో కడిగితే రక్తకణాలు పగిలిపోతాయి. కడిగాక అదే ఉప్పునీళ్ల చుక్కలో పెట్టి, కవర్‌స్లిప్ ఒక అంచు ముందు ఆనించి ఏటవాలుగా దించు. దబ్బున వేస్తే బుడగలు. రైన్‌బర్గ్‌లో బుడగంత అందమైనది, అంత పనికిమాలినది ఇంకోటి లేదు.

చూడాల్సింది రేకుల లోపల. చేపల ఎర్రకణాలు మనలా గుండ్రంగా ఉండవు, కోడిగుడ్డు ఆకారంలో ఉంటాయి, మధ్యలో న్యూక్లియస్ కూడా ఉంటుంది. రేకుల్లో వరసగా పేర్చినట్టు కనిపిస్తాయి.

కండెన్సర్_కింద · 9:10

మంగగారి మొప్పకి తోడు ఇంకో ఆట. కోడి కాలి స్నాయువు తీసుకుని రెండు సూదులతో పీచు పీచుగా విడదియ్. రింగు ఒకే రంగు కాకుండా నాలుగు ముక్కలు చెయ్: ఎదురెదురు ముక్కలు రెండు ఎరుపు, మిగతా రెండు ఆకుపచ్చ. పీచు లైటుని తన పొడవుకి అడ్డంగా చెదరగొడుతుంది. కాబట్టి నిలువు పీచులకి కుడి ఎడమల రంగు, అడ్డ పీచులకి ముందు వెనకల రంగు పడుతుంది. స్లైడ్ తిప్పితే రంగులు మారతాయి. కొత్తబాబూ, ఇది ఫొటోషాప్‌కి తెలీదు. ఏ పీచు ఎటు పోతోందో లైటు చెప్పాలి.

కొత్తబాబు_77 · 9:15

సరే ఒప్పుకున్నా. నా దగ్గర మైక్రోస్కోప్‌లో ఎల్‌ఈడీ ఉంది. పనికొస్తుందా?

కండెన్సర్_కింద · 9:22

వస్తుంది. కానీ తెల్ల ఎల్‌ఈడీలో ముదురు ఎరుపు తక్కువ, అందుకే రెడ్ జెల్ పేలవంగా ఉంటుంది. సీను హాలోజెన్‌లో ఎరుపు దండిగా ఉంటుంది, బ్లూ తక్కువ. ఎవరి లోటు వాళ్లది. డిమ్మర్ తగ్గిస్తే కొన్ని ఎల్‌ఈడీలు ఫొటోలో చారలు చారలుగా వస్తాయి, పెళ్లి హాల్లో ఎల్‌ఈడీ గోడలాగే. డిమ్మర్ ఫుల్‌లో పెట్టి షట్టర్‌తో తగ్గించుకో.

డా_సూక్ష్మ · సోమవారం, మధ్యాహ్నం 1:40

లంచ్‌లో ఉన్నాను, చెప్పేసి పోతాను. ఆ నాలుక స్లైడ్‌ని పారేయకండి. దానికి పోలరైజ్డ్ లైటు (ఒకే దిక్కులో కంపించే లైటు) సరిపోతుంది. నాలుకలో కండర పోగులు మూడు దిక్కుల్లో పరిగెడతాయి. క్రాస్ చేసిన (ఒకదానికొకటి అడ్డంగా తిప్పిన) రెండు పోలరాయిడ్ల మధ్య పెడితే కొన్ని వెలుగుతాయి, కొన్ని ఆరిపోతాయి, మన వైపు నిలువుగా వచ్చేవి చీకట్లోనే ఉంటాయి. కండరంలో ఏ బ్యాండ్, ఐ బ్యాండ్ అని చదువుకున్నాం కదా, ఆ పేర్లే పోలరైజ్డ్ లైటు నుంచి వచ్చాయి: అనైసోట్రోపిక్, ఐసోట్రోపిక్. మేమూ దీన్ని వాడతాం. కాంగో రెడ్ స్టెయిన్ చేశాక అమిలాయిడ్ (రోగంలో టిష్యూలో పేరుకునే ప్రోటీన్) యాపిల్ గ్రీన్‌గా వెలిగేది ఇందులోనే. అక్కడ మాత్రం ఆ ఆకుపచ్చ మా కంటికి అందం కాదు, రిపోర్టులో రాసే మాట.

షట్టర్_సీను · 3:05

పోలరైజర్ నా దగ్గర కెమెరాది ఉంది, సీపీఎల్. ఒకటే. రెండోది?

కండెన్సర్_కింద · 3:30

ద్వారకానగర్‌లో కంప్యూటర్ రిపేరు షాపుల్లో పాడైన ఎల్‌సీడీ మానిటర్ అడుగు. దాని మీద పొర ఒలిస్తే అదే పోలరైజర్. ఒకటి కండెన్సర్ కింద, ఒకటి ఐపీస్ కింద. ఫీల్డ్ నల్లబడేదాకా ఒకదాన్ని తిప్పు. సీపీఎల్ కింద పెడితే కెమెరా లెన్సుకి బిగించే మర ఉన్న వైపు బల్బుకి తిప్పు, లేకపోతే పూర్తిగా నల్లబడదు.

రంగు కావాలంటే కింది పోలరైజర్ మీద పార్సిల్ టేపు అతికించిన గాజుపలక 45 డిగ్రీల కోణంలో పెట్టు. టేపు మార్చి, పొరలు మార్చి చూస్తూ పో. బ్యాక్‌గ్రౌండ్ మెజెంటాకి వచ్చిన చోట ఆగు. ఆ మెజెంటా చాలా సున్నితం. టిష్యూలో కాస్త తేడా ఉన్నా ఒక దిక్కు పీచులు నీలానికి, ఇంకో దిక్కువి పసుపుకి జారతాయి. వేల రూపాయలు పెట్టి కొనే రెడ్ ప్లేట్ చేసేదీ దాదాపు ఇదే. ఒక హెచ్చరిక: 5 మైక్రాన్ల సెక్షన్‌లో ఆ వెలుగు చాలా మసక. ట్రైపాడ్ అలవాటున్నవాడివి, షట్టర్ ఒకట్రెండు సెకన్లు తెరిచి ఉంచు.

పారఫిన్_మాస్టారు · 6:50

కొల్లాజెన్‌ని (టిష్యూకి బలమిచ్చే పీచు ప్రోటీన్‌ని) నిజంగా మండించాలంటే పిక్రోసిరియస్ రెడ్ అనే స్టెయిన్. మా రోజుల్లో అది చేసి పోలరైజర్ కింద చూపిస్తే హౌస్ సర్జన్లు కాఫీ మర్చిపోయేవారు. లావు పీచులు ఎరుపు, పసుపు, సన్నవి ఆకుపచ్చ. రంగు చూసి ఇది టైప్ 1, ఇది టైప్ 3 అనేస్తారు కొందరు, నేను ఒప్పుకోను. పీచు మందం, సెక్షన్ మందం మారినా రంగు మారుతుంది. ఇంట్లో మాత్రం వద్దు బాబూ. అందులో పిక్రిక్ యాసిడ్ ఉంటుంది, ఎండిపోతే పేలే సరుకు. ల్యాబ్‌లో తడి ఆరకుండా చూసుకోవడమే మాకు పెద్ద టెన్షన్.

మొప్పల_మంగ · 7:15

పోలరైజర్ కింద పెట్టడానికి పండుగప్ప పొలుసు తీసుకో. స్టెయిన్ లేదు, గోల లేదు. పొలుసులో కొల్లాజెన్ పొరలు ప్లైవుడ్‌లా ఒకదాని మీద ఒకటి దిక్కు మార్చుకుంటూ ఉంటాయి. సెక్షన్‌లా మసకగా ఉండదు, టేపు లేకపోయినా రంగు వస్తుంది. వెనక అంచున దువ్వెన పళ్లుంటాయి, అవి కూడా ఫ్రేములోకి రానియ్.

షట్టర్_సీను · బుధవారం, రాత్రి 11:50

వచ్చింది!!!

ఫొటో 5, చందువ మొప్ప, 10ఎక్స్, బ్లూ-ఎల్లో బిళ్ల. ముందు ఉప్పునీళ్లలో చూశాను, మరీ తెల్లగా కాలిపోయింది. మాస్టారు చెప్పినట్టు సగం గ్లిజరిన్ కలిపాను (మంగగారూ, క్షమించండి, కణాలు ముడుచుకున్నట్టున్నాయి, ఆ ఫొటో పెట్టట్లేదు). వెలుగు దిగింది, ఒక్కో రేకూ విడిపడింది. నీలం మధ్యలో బంగారం ఈనెల చీపురులా ఉంది. ఇంకా దగ్గరకి వెళ్తే రేకు అంచు పసుపు, లోపల రక్తం ఉన్నచోట నారింజ. రెండు గంటలు కుర్చీలోంచి లేవలేదు. 18 ఫ్రేములు ఫోకస్ మార్చుకుంటూ తీసి కలిపాను.

ఫొటో 6, అదే నాలుక స్లైడ్, టేపు పోలరైజర్, 2 సెకన్లు. మెజెంటా మీద నీలం పోగులు, పసుపు పోగులు చాపలా అల్లుకుని ఉన్నాయి. మా పాప చూసి 'బాబాయ్, ఇది నా స్లైడేనా' అంది. రెండిటి కిందా మేడమ్ చెప్పిన లైన్ రాశాను.

దుమ్ము ఇంకా వదల్లేదు. కవర్‌స్లిప్ లెన్స్ టిష్యూతో తుడిచినా చుక్కలు వస్తున్నాయి. పైగా ఫొటో మధ్యలో సాలెగూడు లాంటి నీడ, స్లైడ్ కదిపినా కదలదు.

పారఫిన్_మాస్టారు · గురువారం, ఉదయం 6:10

కదలకపోతే అది స్లైడ్ మీద లేదు. ఐపీస్ తిప్పి చూడండి, నీడ తిరిగితే ఐపీస్‌లో ఉన్నట్టు. తిరక్కపోతే ఆబ్జెక్టివ్‌లోనో, కెమెరాలోనో, కండెన్సర్‌లోనో ఉండొచ్చు. సాలెగూడులా ఉందంటే ఫంగస్ కావచ్చు. మన ఊరి గాలిలో తేమకి అది మామూలే. 2014లో హుద్‌హుద్ తుఫాను అప్పుడు రోజుల తరబడి కరెంటు లేక, బీరువాలో ఉండిపోయిన నా సొంత 40ఎక్స్ అలాగే పోయింది. అంచు బిగిసే స్టీలు డబ్బాలో సిలికా జెల్ వేసి అందులో పెట్టండి. జెల్ నీలం నుంచి గులాబీకి తిరిగితే పెనం మీద సన్నసెగన వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. వంటకి వాడే పెనం మాత్రం కాదు.

షట్టర్_సీను · 7:30

ఐపీస్ తిప్పాను, నీడ తిరిగింది మాస్టారూ! బతికాను. ఐపీసే కదా, ఇంకోటి వెతుక్కుంటా.

ఇంకో సమస్య. ఇంట్లో మొప్పల వాసన వస్తోందని మా ఆవిడ మైక్రోస్కోప్‌ని మేడ మీద గదిలోకి తోసేసింది.

మొప్పల_మంగ · 7:48

మేడ మీదే మేలు, అక్కడ ఎవరూ అటూ ఇటూ నడవరు. ఆదివారం పొద్దున్న ఐదున్నరకి హార్బర్ గేటు దగ్గరికి రా, స్క్విడ్ ఇప్పిస్తాను. చర్మం మీద రంగు చుక్కలుంటాయి. ఒక్కో చుక్కా ఒక రంగు సంచి, చుట్టూ కండరాలు లాగితే విచ్చుకుంటుంది, వదిలితే ముడుచుకుంటుంది. కోశాక కూడా కాసేపు అలా కొట్టుకుంటూనే ఉంటాయి. బిళ్ల ముందే కోసి పెట్టుకో, అక్కడ నువ్వు కొలతలు తీస్తూ కూర్చునేంత టైము అవి ఇవ్వవు. ఐస్ డబ్బా నీదే.

షట్టర్_సీను · 7:52

ఐదున్నరకి ఉంటా. స్క్విడ్‌కి బ్యాక్‌గ్రౌండ్ ఏ రంగు పెట్టమంటారు?

కండెన్సర్_కింద · 8:03

చుక్కలు గోధుమ, ఎరుపు, పసుపు ఉంటాయి. ముదురాకుపచ్చ పెట్టి, రింగు ఖాళీగా వదిలెయ్. దాని రంగులు దానికే బోలెడున్నాయి, రింగుకి తెల్ల లైటు చాలు.